చిన్న సర్వర్లు లేకపోతే ఏం మిగులుతుంది?

అందరికీ నమస్కారం.

ఫెడివర్స్ గురించి మాట్లాడమన్నారు. అంటే ఎవరికి వారు నడుపుకునే సర్వర్లన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకునే సోషల్ నెట్‌వర్క్. అందులో నేను ఎంచుకున్నది చిన్న సర్వర్ల సంగతి. వంద మందో, యాభై మందో, ఒక్కోసారి ఒకే ఒక్కరో ఉండే సర్వర్లు. వీటి మాట ఎత్తగానే ఎదురయ్యే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: పెద్ద సర్వర్లో రెండు నిమిషాల్లో అకౌంట్ వచ్చేస్తుంటే ఈ తలనొప్పంతా ఎందుకు? అడగదగ్గ ప్రశ్నే. నా జవాబు ముందే చెప్పేస్తాను, కారణాలు తర్వాత వస్తాయి.

ఒక నెట్‌వర్క్ వికేంద్రీకృతంగా ఉందో లేదో ప్రోటోకాల్, అంటే సర్వర్లు మాట్లాడుకునే నియమాలు, చదివితే తెలియదు. మనుషులు ఎక్కడెక్కడ సర్దుకున్నారో చూస్తే తెలుస్తుంది. ప్రోటోకాల్‌ను ఎంత పకడ్బందీగా రాసుకున్నా, జనమంతా రెండు మూడు సర్వర్లలోనే చేరితే ఆ సర్వర్లు నడిపేవాళ్లు చెప్పిందే చెల్లుతుంది. వాళ్లు మంచివాళ్లే కావచ్చు. కానీ రేపు అమ్మేయవచ్చు, అలిసిపోవచ్చు, మనసు మార్చుకోవచ్చు. అప్పుడు మనం లేచి వెళ్లడానికి వేరే చోటంటూ ఒకటి ఉండాలి. కాగితం మీద కాదు, పనిచేస్తూ ఉండాలి. అలాంటి చోట్లను నిలబెట్టి ఉంచడమే చిన్న సర్వర్ చేసే అసలు పని అని నా అభిప్రాయం.

ఇది ఊహించి చెబుతున్నది కాదు, జరిగిన కథే. ఈమెయిల్ తీసుకోండి. మెయిల్ పంపే ప్రోటోకాల్ ఎస్ఎంటీపీ 1982లో వచ్చింది. ఎవరైనా సొంత మెయిల్ సర్వర్ పెట్టుకోవచ్చు, ఎవరికైనా మెయిల్ పంపవచ్చు. ఆ నియమం ఇవాళ్టికీ మారలేదు. కానీ కొత్తగా ఒక మెయిల్ సర్వర్ పెట్టి చూసినవాళ్లను అడగండి. మెయిల్ అసలుదేనని చూపించే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే ఏర్పాట్లన్నీ సరిగ్గా పెట్టినా, ఆ ఐపీ అడ్రస్‌కు ఇంకా పేరు రాలేదన్న కారణంతో మెయిల్ స్పామ్‌లోకి పోతుంది. ఎందుకు పోయిందో చెప్పే నాథుడు ఉండడు. మెయిల్‌ను ఎవరూ నిషేధించలేదు, ఎవరూ మూసేయలేదు. ఎక్కువ మంది కొద్ది కంపెనీల దగ్గర పోగయ్యేసరికి, మిగతావాళ్లు ఆ కంపెనీల దయ మీద బతకాల్సి వచ్చింది.

చాటింగ్‌లో ఇంకా వేగంగా జరిగింది. గూగుల్ టాక్ 2006లో ఎక్స్‌ఎంపీపీ అనే బహిరంగ చాట్ ప్రోటోకాల్ వాడే బయటి సర్వర్లతో మాట్లాడటం మొదలుపెట్టింది. జాబర్ అని పిలిచే అలాంటి చిన్న చిన్న సర్వర్లలో ఉన్నవాళ్లకు జీమెయిల్ స్నేహితులంతా ఒక్కసారిగా అందుబాటులోకి వచ్చారు. అందరూ సంతోషించారు. 2013లో హ్యాంగవుట్స్‌కు మారుతూ గూగుల్ ఆ దారి మూయడం మొదలుపెట్టింది. ప్రోటోకాల్ అలాగే ఉంది, సర్వర్లు అలాగే ఉన్నాయి, మాట్లాడాల్సిన మనుషులు మాత్రం అవతలి వైపు ఉండిపోయారు.

మన సామాజిక నెట్‌వర్క్ చరిత్ర కూడా పొట్టిదేం కాదు. ఇలాంటి వేదికలు వరుసగా వచ్చాయి: 2008లో ఐడెంటికా, ఆ తర్వాత స్టేటస్‌నెట్, 2010లో డయాస్పొరా, 2016లో యూజెన్ రోచ్కో మొదలుపెట్టిన మాస్టడాన్, అంటే ట్విట్టర్ లాంటి సర్వర్‌ను ఎవరైనా సొంతంగా నడుపుకోగల సాఫ్ట్‌వేర్. ఇవాళ ఫెడివర్స్ సర్వర్లు మాట్లాడుకునే ప్రోటోకాల్ యాక్టివిటీపబ్‌ను వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ 2018 జనవరిలో ప్రమాణంగా ఆమోదించింది. 2022 అక్టోబరు చివర్లో ట్విట్టర్ చేతులు మారాక వచ్చిన జనప్రవాహం మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. నాకైతే దానికంటే 2017 ఏప్రిల్ ఎక్కువ ముచ్చటగా అనిపిస్తుంది. జపాన్‌లో ఒక విద్యార్థి తన ఇంట్లోని కంప్యూటర్ మీద మాస్టడాన్ సర్వర్ పెట్టాడు. కొద్ది రోజుల్లోనే అక్కడికి వచ్చిన జనం అసలు మాస్టడాన్ సృష్టికర్త నడిపే సర్వర్‌నే దాటేశారు. ఎవరి అనుమతీ అడగకుండా, ఇంట్లో మొదలైన సర్వర్ అది. ఆ వీలు ఇంకా మిగిలే ఉందా అన్నదే ఎప్పటికప్పుడు మనం చూసుకోవాల్సింది.

సరే, చిన్న సర్వర్ లోపల ఏం జరుగుతుందో కాస్త దగ్గరగా చూద్దాం. నలభై మంది ఉన్న సర్వర్ ఒకటి ఉందనుకోండి. అందులో ఒకావిడ ఫొటో ఒకటి పెట్టారు. ఆవిడకు మూడు వందల మంది ఫాలోయర్లు, వాళ్లు తొంభై వేర్వేరు సర్వర్లలో ఉన్నారు. పోస్ట్ బటన్ నొక్కగానే అది ముందు సొంత డేటాబేస్‌లో చేరుతుంది. తర్వాత సర్వర్ దాన్ని "ఫలానా వ్యక్తి ఫలానాది పెట్టారు" అని చెప్పే ఒక జేసన్ ముక్కగా, అంటే యంత్రాలు చదవగలిగే రాతగా, మారుస్తుంది. పంపేటప్పుడు ఆవిడ పేరు మీద రహస్యంగా ఉంచిన ప్రైవేట్ కీ అనే డిజిటల్ తాళంచెవితో సంతకం చేస్తుంది. ఇక క్యూలో తొంభై డెలివరీలు నిలబడతాయి. ఫాలోయర్లు మూడు వందలైనా డెలివరీలు తొంభయ్యే, ఎందుకంటే ఒకే సర్వర్లో ఆవిడకు యాభై మంది ఉన్నా అక్కడందరికీ ఉమ్మడిగా ఉండే షేర్డ్ ఇన్‌బాక్స్‌కు ఒక్క కాపీ చాలు. లోపల పంచుకోవడం వాళ్ల పని.

అవతలి సర్వర్ ఆ ముక్కను అందుకోగానే నమ్మేయదు. సంతకం సరిచూడాలి. దానికి ఆవిడ పబ్లిక్ కీ, అంటే అందరికీ బహిరంగంగా ఇచ్చే జంట తాళంచెవి, కావాలి. అంతకుముందు తెచ్చి పెట్టుకుని ఉండకపోతే, మన చిన్న సర్వర్ దగ్గరికి వచ్చి అడిగి తీసుకెళ్తుంది. ఫొటో కావాలి, దానికోసం మళ్లీ వస్తుంది. తొంభై సర్వర్లూ ఇంచుమించు ఒకే నిమిషంలో ఇదే పని చేస్తాయి. ఏదైనా సర్వర్ ఆ సమయానికి పడిపోయి ఉంటే మన క్యూ ఊరుకోదు, కాసేపాగి మళ్లీ ప్రయత్నిస్తుంది, ఇంకాసేపాగి మళ్లీ. ఆ పోస్టులో ఏదైనా వెబ్‌సైట్ లింకు ఉంటే, ప్రివ్యూ బొమ్మ కోసం ఒక్కో సర్వర్ విడివిడిగా ఆ వెబ్‌సైట్‌కు వెళ్తుంది. చిన్న వెబ్‌సైట్లు నడిపేవాళ్లు ఈ విషయంలో ఫెడివర్స్ మీద ఎప్పట్నుంచో కోపంగా ఉన్నారు. ఆ కోపంలో న్యాయం ఉంది.

దీన్నిబట్టి సర్వర్ మీద పడే బరువు సభ్యుల సంఖ్యను బట్టి ఉండదని మీకు అర్థమై ఉంటుంది. ఆ సభ్యుల పరిచయాలు ఎన్ని సర్వర్లలో విస్తరించాయన్నదే లెక్క. 2022 నవంబరులో ఏరల్ బాల్కన్ అనే డెవలపర్‌కు ఇది బాగా అనుభవమైంది. ఆయనది ఆయనొక్కడే ఉండే సర్వర్. పుట్టినరోజున వచ్చిన శుభాకాంక్షలకు ఆయన జవాబులిస్తూ పోయారు, ఒక్కో జవాబూ మళ్లీ వేల మంది ఫాలోయర్ల సర్వర్లకు డెలివరీగా మారి సర్వర్ ఉక్కిరిబిక్కిరి అయింది. సభ్యుడు ఒక్కడే, బరువు మాత్రం ఊరంతటిది. మాస్టడాన్ సాఫ్ట్‌వేర్ కూడా తేలికైనదేం కాదు. పోస్ట్‌గ్రెస్, రెడిస్, సైడ్‌కిక్, స్ట్రీమింగ్ సర్వర్, ఇన్ని విడి ప్రోగ్రాములు కలిసి నడవాలి. అందుకే గోటుసోషల్ లాంటి తేలికపాటి సర్వర్ సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. కొన్ని వందల ఎంబీ మెమరీలో నడిచిపోతుంది, పాత చిన్న కంప్యూటర్ చాలు. ఐదారుగురు స్నేహితులకో, ఒక కుటుంబానికో సర్వర్ పెట్టాలని అడిగేవాళ్లకు నేను మాస్టడాన్ కంటే ముందు ఇలాంటివే చూడమంటాను.

చిన్న సర్వర్‌కు కనిపించే ప్రపంచం ఇరుకైనదన్నది కూడా దాచాల్సిన విషయం కాదు. మీ సర్వర్‌కు తెలిసేది మీ సభ్యులు ఫాలో అవుతున్నవాళ్ల పోస్టులు, మీ దాకా పంపినవి, అంతే. వాళ్ల సొంత సర్వర్లో ఒక పోస్టు కింద నలభై జవాబులుంటే మీ దగ్గర ఆరు కనిపించవచ్చు. లైకుల లెక్క తక్కువగా కనిపిస్తుంది. హ్యాష్‌ట్యాగ్ వెతికితే ఖాళీ. కొత్తగా చేరినవాళ్లు "ఇక్కడెవరూ లేరు" అని రెండు రోజుల్లో వెళ్లిపోతారు. ఆరు జవాబులే కనిపించినవాడు, ఇంకెవరూ చెప్పలేదు కదా అని అప్పటికే పదిమంది చెప్పిన మాటనే మళ్లీ రాస్తాడు, పోస్టు పెట్టినవాళ్లకు విసుగొస్తుంది. మాస్టడాన్ ఇటీవలి వెర్షన్లలో తప్పిపోయిన జవాబులను వెతికి తెచ్చే ఏర్పాటు వచ్చింది, మంచిదే. సర్వర్ల మధ్య పోస్టులను చేరవేసే రిలేలు కూడా ఉన్నాయి. వాటికి కలిపితే ఎక్కడెక్కడి బహిరంగ పోస్టులూ వచ్చి పడతాయి. వాటితోపాటే ఫొటోలు, వీడియోల కాపీలూ చేరి కొన్నాళ్లకు డిస్క్ నిండిపోతుంది. నా సలహా వేరు: చేరిన మొదటి వారంలోనే సభ్యులతో కనీసం వంద మందిని ఫాలో చేయించండి. వాళ్ల పేర్ల జాబితా మీరే తయారుచేసి ఇవ్వండి. టైమ్‌లైన్ దానంతటదే నిండుతుంది, డిస్క్ మీద భారం తగ్గుతుంది, పైగా వచ్చేవన్నీ ఎవరో ఒకరు కోరి తెచ్చుకున్నవే అవుతాయి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే విషయానికి వస్తాను. మోడరేషన్, అంటే వేధింపుల్లాంటివి అడ్డుకోవడం.

మా సర్వర్లో ఒక సభ్యురాలికి వేరే సర్వర్ నుంచి ఒకతను రోజూ మెసేజ్ పెట్టేవాడు. "బాగున్నారా?" అంతే. మరుసటి రోజు "నిన్న మీ పోస్టు బాగుంది." ఆ తర్వాత "ఈ మధ్య ఆలస్యంగా నిద్రపోతున్నట్టున్నారు." ఏ వాక్యాన్ని విడదీసి చూసినా ఏ నియమాన్నీ దాటదు. ఆవిడ అతన్ని బ్లాక్ చేస్తే ఇంకో సర్వర్లో ఇంకో పేరుతో అకౌంట్ తెరిచేవాడు, మళ్లీ "బాగున్నారా?" అనేవాడు. ఆవిడ గతంలో ఒక పెద్ద ప్లాట్‌ఫామ్‌లో ఇలాంటి దాన్నే రిపోర్ట్ చేస్తే "మా నియమాల ఉల్లంఘన ఏదీ కనబడలేదు" అని ఆటోమేటిక్ జవాబు వచ్చిందట. ఇక్కడ ఆవిడ నాకు నేరుగా చెప్పుకున్నారు. పూర్వాపరాలు చెప్పారు, నేను విన్నాను, పాత స్క్రీన్‌షాట్లు చూశాను. ఆ తీరు ఏమిటో అర్థం కావడానికి నాకు నియమావళి అవసరం రాలేదు. ఆ రెండు సర్వర్ల అడ్మిన్లకు, అంటే వాటిని నడిపేవాళ్లకు, రాశాను. ఒకరు ఆ రోజే అకౌంట్ తీసేశారు. రెండోవారు పలకలేదు. వాళ్ల సర్వర్లో రిజిస్ట్రేషన్లు అందరికీ బార్లా తెరిచి ఉన్నాయి, చూసే మనిషి లేడు. ఆ సర్వర్ మొత్తాన్ని మేం బ్లాక్ చేశాం. మా సభ్యుల్లో ఇద్దరికి అక్కడ స్నేహితులున్నారు. వాళ్లకు ముందే చెప్పి, కారణం వివరించి, స్నేహితులను వేరే చోటికి రమ్మనడానికి వారం గడువిచ్చి, అప్పుడు చేశాం. ఆ వారం రోజులూ ఆ సర్వర్ నుంచి ఆవిడకు ఏ మెసేజూ చేరకుండా ఆవిడ అకౌంట్‌కు మాత్రం ముందే అడ్డుకట్ట వేసుకున్నాం.

లక్షల మంది ఉన్న చోట ఇది సాధ్యం కాదు. అక్కడి మోడరేటర్లు చెడ్డవాళ్లని నేననను. ఒక్కో రిపోర్ట్‌కు వాళ్ల దగ్గరుండే సమయం అంతే. మనుషులు తెలిస్తే తప్ప తెలియని విషయాలు కొన్ని ఉంటాయి. ఇద్దరు పాత స్నేహితులు ఒకర్నొకరు ఆటపట్టించుకుంటున్నారా, నిజంగానే ఒకరు మరొకర్ని ఏడిపిస్తున్నారా అన్నది పదాలను చూసి చెప్పలేం. భాష విషయంలో ఇది మరీ నిజం. వెబ్‌లో తక్కువగా రాసే భాషల్లో తిట్టేదో, ముద్దుగా పిలిచేదో యంత్రాలకు ఇప్పటికీ సరిగ్గా పట్టుబడదు. ఆ భాష మాట్లాడే అడ్మిన్‌కు క్షణం పట్టదు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. చిన్న సర్వర్లో అడ్మినే పోలీసు, అడ్మినే జడ్జి. ఆయన స్నేహితుడి మీదే ఫిర్యాదు వస్తే? పెద్ద కంపెనీలో కనీసం పై అధికారి అంటూ ఒకరుంటారు, ఇక్కడ అదీ లేదు. నేను చూసినంతలో దీనికి ఉన్న మందు ఒక్కటే, సులువుగా వెళ్లిపోగలగడం. మాస్టడాన్‌లో 2019లో వచ్చిన 3.0 వెర్షన్ నుంచి అకౌంట్ మార్చుకుంటే ఫాలోయర్లు వెంట వస్తారు. పోస్టులు మాత్రం రావు, పాతచోటే ఉండిపోతాయి. ఇంకో చిక్కు కూడా ఉంది, చాలామందికి తెలియదు. "ఈ వ్యక్తి ఫలానా చోటికి వెళ్లారు" అన్న సమాచారాన్ని పంపాల్సింది పాత సర్వరే. అది హఠాత్తుగా ఆగిపోతే ఫాలోయర్లను తరలించే దారి ఉండదు. అందుకే ఫాలో అవుతున్నవాళ్ల జాబితాను ఎప్పటికప్పుడు ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకోమని సభ్యులకు చెబుతూనే ఉంటాను.

చిన్న సర్వర్లన్నీ విడివిడిగా నిర్ణయాలు తీసుకుంటే గందరగోళం కాదా అని అడుగుతారు. జరిగినదొకటి చెబుతాను. 2019 జులైలో గ్యాబ్ అనే సోషల్ నెట్‌వర్క్ మాస్టడాన్ సాఫ్ట్‌వేర్‌కు మారింది. అప్పటికే దానికి విద్వేష ప్రచారానికి నెలవన్న పేరుంది. ఫెడివర్స్‌లో గ్యాబ్‌ను తీసేసే మీట ఎవరి చేతిలోనూ లేదు. అయినా సర్వర్ తర్వాత సర్వర్ సొంతంగా బ్లాక్ చేసుకుంటూ పోయాయి, కొన్ని యాప్‌లు కూడా అదే చేశాయి. గ్యాబ్‌తో మాట్లాడేవాళ్లు పెద్దగా మిగల్లేదు, తర్వాత అదే ఫెడరేషన్‌ను, అంటే బయటి సర్వర్లతో మాట్లాడటాన్ని, ఆపేసుకుంది. 2023లో ఫేస్‌బుక్ కంపెనీ మెటా థ్రెడ్స్ అనే కొత్త వేదికతో వచ్చినప్పుడు ఏకాభిప్రాయం రాలేదు. కొన్ని సర్వర్లు ముందే బ్లాక్ చేశాయి, కొన్ని స్వాగతం చెప్పాయి, కొన్ని ఇంకా చూస్తున్నాయి. నాకిది బలహీనతగా కనిపించదు. ఒక మనిషికి థ్రెడ్స్‌లో ఉన్న బంధువులతో మాట్లాడాలని ఉంటుంది, ఇంకో మనిషికి మెటా నీడ కూడా వద్దనిపిస్తుంది. ఇద్దరికీ తగిన సర్వర్ దొరకడం చిన్న విషయం కాదు.

కానీ బ్లాక్ చేయడంలో ఇద్దరి బలం సమానం కాదని మాత్రం గుర్తుంచుకోవాలి. పెద్ద సర్వర్ ఒక చిన్న సర్వర్‌ను బ్లాక్ చేస్తే అక్కడివాళ్లెవరికీ తెలియను కూడా తెలియదు. చిన్న సర్వర్ పెద్దదాన్ని బ్లాక్ చేస్తే సొంత సభ్యుల సగం పరిచయాలు తెగిపోతాయి. బ్లాక్‌లిస్టుల విషయం, అంటే బ్లాక్ చేయాల్సిన సర్వర్లవంటూ అడ్మిన్ల మధ్య చేతులు మారే జాబితాల విషయం, ఇంకా ఇబ్బంది. కొత్త అడ్మిన్‌కు అవి ప్రాణం కాపాడినంత పని చేస్తాయి, అది ఒప్పుకుంటాను. అయితే ఒక చిన్న సర్వర్ పేరు ఏ కారణం చేతో అలాంటి జాబితాలోకి ఎక్కితే, కారణం చదవకుండానే దాన్ని దింపుకున్న ప్రతి సర్వర్ నుంచీ దానికి సంబంధం తెగిపోతుంది. బ్లాక్‌లిస్టు తెచ్చుకోండి, తప్పులేదు. తీవ్రమైనవి అలాగే ఉంచి, మిగతావాటి కారణాలు ఒకసారి చదవండి. మీరు బ్లాక్ చేసినవాళ్లు అప్పీలు చేసుకోవడానికి మీ ఈమెయిల్‌ను సర్వర్ అబౌట్ పేజీలో రాయండి.

ఇంతసేపూ చిన్న సర్వర్లను మెచ్చుకున్నాను. వాటివల్ల నెట్‌వర్క్ మొత్తానికి జరిగే నష్టం కూడా చెప్పాలి. 2024 ఫిబ్రవరిలో ఫెడివర్స్‌ను స్పామ్ ముంచెత్తింది. ఆ స్పామ్ పంపినవాళ్లు పెద్ద సర్వర్లను నమ్ముకోలేదు. రిజిస్ట్రేషన్లు తెరిచి ఉండి, అడ్మిన్ మర్చిపోయిన చిన్న సర్వర్లను వరుసగా వెతికి, వాటిలో ఆటోమేటిక్‌గా అకౌంట్లు తెరిచి అక్కడి నుంచి పంపారు. ఆ దెబ్బకే మాస్టడాన్ 4.2.8లో ఒక మార్పు వచ్చింది: ఒక వారం పాటు మోడరేటర్లెవరూ కనిపించకపోతే, తెరిచి ఉన్న రిజిస్ట్రేషన్లు వాటంతటవే ఆమోద పద్ధతికి మారిపోతాయి. చిన్నదిగా ఉండటం వేరు, గాలికి వదిలేయడం వేరు. మీరు వారానికోసారి కూడా చూడలేని సర్వర్‌కు రిజిస్ట్రేషన్లు మూసేయండి. అప్‌డేట్ల సంగతీ అంతే. 2023 జులైలో మాస్టడాన్‌లో ఒక తీవ్రమైన లోపం బయటపడింది. కావాలని తయారుచేసిన మీడియా ఫైలుతో సర్వర్ మీద నచ్చిన చోట ఫైళ్లు రాయగలిగే లోపం అది. అలాంటి ప్యాచ్ వచ్చిన రోజు ఆదివారమైనా కూర్చుని వేయాల్సిందే. వేయలేనివాళ్లు నిర్వహణ చూసుకునే హోస్టింగ్ తీసుకోవడం మేలు. సొంతంగా అన్నీ చేయాలన్న పట్టుదల సభ్యుల డేటా కంటే గొప్పది కాదు.

డేటా అన్నాను కాబట్టి ఇంకో మాట. మాస్టడాన్‌లో డైరెక్ట్ మెసేజ్‌లు మొదట్నుంచీ ఎన్‌క్రిప్ట్ కాకుండానే డేటాబేస్‌లో ఉంటున్నాయి. అడ్మిన్ కావాలనుకుంటే చదవగలడు. 2023 మేలో అమెరికాలో ఎఫ్‌బీఐ వేరే కేసులో ఒక అడ్మిన్ ఇంటిని సోదా చేసినప్పుడు, కొలెక్టివా అనే సర్వర్ డేటాబేస్ బ్యాకప్ ఎన్‌క్రిప్షన్ లేకుండా దొరికింది. సర్వర్‌కూ ఆ కేసుకూ సంబంధం లేదు. అయినా వేలమంది సమాచారం వెళ్లిపోయింది. బ్యాకప్ తప్పనిసరి, దానికి తాళం కూడా అంతే తప్పనిసరి. పాత లాగ్‌లు, ఐపీ అడ్రస్‌లు అవసరం తీరగానే చెరిపేయండి. మన దగ్గర లేనిదాన్ని ఎవరూ తీసుకెళ్లలేరు. డొమైన్ పేరు ఎంచుకునేటప్పుడు సరదా చూసుకోకండి. క్వీర్ డాట్ ఏఎఫ్ అనే సర్వర్ పేరు చివర ఉన్నది అఫ్గానిస్థాన్ దేశపు డొమైన్. 2024 ఫిబ్రవరిలో అక్కడి తాలిబాన్ ప్రభుత్వం ఆ పేరును నిలిపేసింది, సర్వర్ పోయింది. చట్టాల సంగతి దేశానికో రకం. బ్రిటన్ ఆన్‌లైన్ సేఫ్టీ చట్టం లాంటివి చిన్నవాళ్లను పూర్తిగా మినహాయించవు. మీ సభ్యులున్న దేశాల్లో మీ మీద ఏ బాధ్యతలున్నాయో మొదలుపెట్టకముందే తెలుసుకోండి.

ఎంతమందిని చేర్చుకోవాలి అని నన్ను తరచూ అడుగుతారు. ఇద్దరు అడ్మిన్లకు పేర్లు గుర్తుండేటంత మందిని. ఆ తర్వాత మూసేసి, వచ్చినవాళ్లను పక్క సర్వర్‌కు పంపండి. ఎదగకపోతే చచ్చిపోతామన్న భయం కంపెనీలది, మనకు దాంతో పనిలేదు. ఇద్దరు అడ్మిన్లు అన్నది మాత్రం కచ్చితంగా పాటించండి. మాస్టడాన్ సర్వర్ కవనెంట్ అని 2019లో ఒక ఒప్పందం వచ్చింది. అధికారిక జాబితాలో పేరుండాలంటే రోజూ బ్యాకప్ తీయాలి, అత్యవసరంగా సర్వర్‌ను అందుకోగలిగిన రెండో మనిషి ఉండాలి, మూసేటట్టయితే మూడు నెలల ముందు చెప్పాలి. జాబితాలో చేరే ఉద్దేశం లేకపోయినా ఈ మూడూ పాటించదగినవే. అడ్మిన్‌కు జ్వరం వచ్చిన రోజు, పరీక్షలున్న నెల, ఇంట్లో ఎవరో పోయిన వారం, సర్వర్ ఆగకూడదు. డబ్బు విషయంలో నెలకు ఎంత ఖర్చవుతుందో, ఎంత వచ్చిందో అందరికీ కనిపించేలా పెట్టండి. నేను చూసినంతలో చిన్న సర్వర్లు డబ్బు చాలక మూతపడటం అరుదు. అడ్మిన్ ఓపిక చచ్చిపోయి మూతపడటమే ఎక్కువ.

సంస్థలు సొంత సర్వర్ పెట్టుకోవడం నాకు ఇష్టమైన ఇంకో ధోరణి. జర్మనీ ఫెడరల్ డేటా రక్షణ కమిషనర్ కార్యాలయం ప్రభుత్వ సంస్థల కోసం సొంతంగా మాస్టడాన్ సర్వర్ నడుపుతోంది, నెదర్లాండ్స్ ప్రభుత్వానికీ ఉంది, బీబీసీ 2023లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. వీటిలో అకౌంట్లు కొన్ని పదులే ఉండొచ్చు. కానీ ఆ డొమైన్ నుంచి వచ్చిన పోస్టు అసలుదా నకిలీదా అని ఎవరూ నీలి టిక్కు కోసం చూడక్కర్లేదు. యూరోపియన్ యూనియన్ ప్రయోగం ఈయూ వాయిస్ మాత్రం రెండేళ్లకు, 2024లో, నడిపే బాధ్యత తీసుకునేవాళ్లు లేక ముగిసింది. అంత పెద్ద వ్యవస్థకే ఆ పరిస్థితి వచ్చింది.

వేరే ప్రోటోకాల్ మీద నడిచే, ట్విట్టర్ లాంటి బ్లూస్కై గురించి రెండు మాటలు, ఎలాగూ అడుగుతారు. అక్కడా చిన్న సర్వర్ పెట్టుకోవచ్చు, 2024 ఫిబ్రవరి నుంచి. అది నిజంగా తేలిక. మీ డేటా అంతా మీ దగ్గర ఉంటుంది, ఇల్లు మారితే పోస్టులతో సహా వెంట వస్తుంది. ఈ విషయంలో వాళ్లు మనకంటే ముందున్నారు, మనం నేర్చుకోవాలి. కాకపోతే అక్కడ చిన్న సర్వర్ చేసేది మీ డేటాను భద్రపరచడం వరకే. నెట్‌వర్క్ మొత్తాన్ని సేకరించడానికి రిలే, దాన్ని టైమ్‌లైన్‌గా పేర్చి చూపించడానికి యాప్‌వ్యూ అనే పెద్ద సర్వర్ కావాలి, నెట్‌వర్క్ మొత్తానికీ సరిపడే యాప్‌వ్యూను నడపడం యాభై మంది స్నేహితుల వల్ల అయ్యే పని కాదు. యాక్టివిటీపబ్‌లో నలభై మంది సర్వర్ కూడా రాయడం, చదవడం, పంపడం, అందుకోవడం, అడ్డుకోవడం అన్నీ తానే చేసుకుంటుంది. నేను ఇటువైపు ఉండటానికి అదే కారణం. అయితే మన వైపూ జనం ఒకచోటికే జారుతున్నారు. 2023లో మాస్టడాన్ అధికారిక యాప్ కొత్తవాళ్లకు మాస్టడాన్ తయారీదారులే నడిపే పెద్ద సర్వర్ మాస్టడాన్ డాట్ సోషల్‌నే ముందు చూపించడం మొదలుపెట్టింది. సర్వర్ ఎంచుకోమంటే కొత్తవాళ్లు బెదిరిపోతున్నారన్న వాళ్ల ఇబ్బంది నాకు అర్థమవుతుంది. దానికి విరుగుడు మన చేతిలోనే ఉంది. మీకు తెలిసినవాళ్లు చేరతామన్నప్పుడు యాప్ లింకు పంపి ఊరుకోకండి, ఫలానా సర్వర్లో చేరమని పేరుపెట్టి చెప్పి ఆహ్వానం పంపండి.

చివరగా సర్వర్ మూసేయడం గురించి. దీని గురించి ఎవరూ మాట్లాడరు, కానీ ప్రతి చిన్న సర్వర్‌కూ ఆ రోజు వస్తుంది, అందులో సిగ్గుపడాల్సింది లేదు. మూడు నెలల ముందు చెప్పండి. రిజిస్ట్రేషన్లు ఆ రోజే ఆపండి. ఎక్కడికి వెళ్లొచ్చో నాలుగైదు సర్వర్ల పేర్లు చెప్పండి, ఆ అడ్మిన్లతో ముందే మాట్లాడి ఉంచండి. అకౌంట్ మార్చుకోవడం చేతకానివాళ్లు ప్రతి సర్వర్లో ఉంటారు, వాళ్లతో కూర్చుని చేయించండి. గడువు ముగిశాక ప్లగ్ పీకేయకండి. మాస్టడాన్‌లో సెల్ఫ్ డిస్ట్రక్ట్ అనే కమాండ్ ఉంది. ఈ అకౌంట్లు ఇక లేవు అన్న సమాచారాన్ని అది తనకు తెలిసిన సర్వర్లన్నిటికీ పంపుతుంది. ఆ క్యూ ఖాళీ అయ్యేదాకా సర్వర్ నడుస్తూనే ఉండాలి. లేకపోతే మిగతా సర్వర్లు లేని మనుషులకు డెలివరీలు పంపడానికి ప్రయత్నిస్తూనే ఉంటాయి. డొమైన్‌ను మాత్రం కొన్నేళ్లు రెన్యూ చేయిస్తూ ఉండండి. వదిలేస్తే దాన్ని ఎవరైనా కొనుక్కుని, అవే యూజర్ పేర్లతో కొత్త కీలు పెట్టుకుని, మీ పాత సభ్యుల్లా మాట్లాడగలరు. ఆ ఖర్చు కూడా మొదట్నుంచీ నిధిలో పక్కన పెట్టి ఉంచండి.

ఇక మీ ప్రశ్నలు అడగండి.